తిప్పి పంపిన మూడు ఉత్తరాలు

అన్యాయం జరిగింది ఎవరికి? అప్పయ్యకు. ఏ విధంగా జరిగింది? మనిషి నడిచే వేగంతో స్తంభానికి తగిలిన బండిలో, అతన్ని కాపాడవలసిన ఎయిర్‌బ్యాగే అతని మెడ మీదికి ఇనుప ముక్కను విసిరింది. చేసింది ఎవరు? విశాఖపట్నం కాన్వెంటులో నీతి పాఠం ఇలాగే ప్రశ్నలూ జవాబులుగా సాగేది. జవాబు తెలిసిన పిల్ల లేచి నిటారుగా నిలబడి చెప్పి కూర్చోవాలి, తెలియని పిల్ల గంట కొట్టేదాకా నిలబడే ఉండాలి. డెబ్బై మూడేళ్ళ అరుంధతి ఈ మూడో ప్రశ్న దగ్గర ఎనిమిదేళ్ళుగా మనసులో నిలబడే ఉంది, శరీరం మాత్రం ఇప్పుడు సముద్రం దాటి వచ్చిన ఈ దీవి నగరంలో, పాయా లేబర్ దాటాక వచ్చే వర్క్‌షాపుల వీధిలో, కార్ల సర్వీసు సెంటరు రెండో అంతస్తులో, చల్లటి రెక్సిను సోఫా మీద చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. గాజు గోడకు అవతల, కింద, మేనల్లుడు శ్రీనాథ్ కారు నాలుగు తలుపులూ తెరుచుకుని నిలబడి ఉంది, నీలం చొక్కా మనిషి ఒకడు ముందు సీటు మీద మోకాలు ఆనించి డాష్‌బోర్డు విప్పుతున్నాడు. ఆమె ఎప్పుడూ కూర్చునే సీటు అది. కౌంటరు దగ్గరి తమిళ కుర్రవాడు, వన్ అవర్ ఓన్లీ ఆంటీ, సిట్ ఫస్ట్, కాఫీ ఫ్రీ, అన్నాడు. గంట. ఉచితం. ఆనాటి పని కూడా గంటే, ఆనాటిదీ ఉచితమే.

గోడ గడియారంలో పదకొండు పది. పక్కన నిఖిల, శ్రీనాథ్ కూతురు, చెవుల్లో పాటలు వినే తెల్లటి గొట్టాలు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. లైసెన్సు వచ్చి రెండు నెలలైంది, వచ్చిన రోజునుంచీ ఆ కారుకు తానే తల్లి అయినట్టు చూసుకుంటోంది, టైర్లలో గాలి తానే చూస్తుంది, మొన్న బుధవారం భోజనాల దగ్గర ఫోనులో కారు నెంబరు కొట్టి, ఈ కారుకి రికాల్ ఉంది, కంపెనీవాళ్ళే పిలిచి ఎయిర్‌బ్యాగు మారుస్తారట, రిపేరు ఇంకా చేయించలేదని చూపిస్తోంది అని చెప్పింది. శ్రీనాథ్ పెరుగు కలుపుకుంటూ, మనకు ఉత్తరమేదీ రాలేదే, వస్తే చూద్దాంలే, అన్నాడు. "లెటర్ మనకెలా వస్తుంది డాడీ, సెకండ్ హ్యాండ్ కదా, పాత ఓనరుకి వెళ్తుంది లా. అతను ఓపెన్ కూడా చేసుండడు," అన్నది నిఖిల, ఇక్కడివాళ్ళలాగే మాట చివర లా చేర్చి, అప్పడం విరుచుకుంటూ, మామూలుగా, వర్షం వస్తుందేమో అన్నంత మామూలుగా. అరుంధతి చేతిలోని ముద్ద కంచంలోకి తిరిగి వచ్చేసింది. బెడోక్‌లో శ్రీనాథ్ వాళ్ళ పదో అంతస్తు వంటగదిలో, ఫ్యాను కింద, ఇరవై ఏళ్ళ పిల్ల రెండు వాక్యాల్లో చెప్పేసిన సంగతి, అప్పయ్య చావు మీద విచారణ అధికారి నెలల తరబడి రాసి కూడా చెప్పలేకపోయిన సంగతి. నేనూ వస్తాను సర్వీసు సెంటరుకి, అంది. ఎందుకు మామ్మా, బోరు కొడుతుంది, అన్నది పిల్ల. వస్తాను, అంతే.

కింద నీలం చొక్కా మనిషి డాష్‌బోర్డు లోంచి ఏదో తీసి గుడ్డ మీద పెట్టాడు, చిన్న టిఫిను గిన్నెంత ఇనుప వస్తువు, ఇంత దూరానికి అది అమాయకంగానే కనిపిస్తోంది. తేమ చేరితే లోపలి మందు పాడవుతుందట, పాడైన మందు అవసరం వచ్చినప్పుడు ఎయిర్‌బ్యాగును ఉబ్బించవలసిన దానికంటే ఎక్కువ బలంతో పేలి ఆ ఇనుప గిన్నెనే ముక్కలు చేస్తుందట, ఈ దీవిలో తేమకేం కొదవ, బీరువాలో పట్టుచీర బూజు పడుతుంది, ఆవకాయ బూజు పడుతుంది, మనుషుల మనస్సాక్షి సంగతి సరేసరి. జురాంగ్ ఈస్ట్‌లో తాను పనిచేసిన ఆఫీసు కిటికీ కింద కూడా ఎప్పుడూ తేమే, సరుకులు దించే చోటు, నాలుగు లావుపాటి కాంక్రీటు స్తంభాలు, మూడో స్తంభానికి పసుపు నలుపు చారలు. మధుసూదనరావు కంపెనీ అది, ఓడల మరమ్మతుకు ఇనుప మంచెలు కట్టే కంపెనీ, ఇరవై రెండేళ్ళు ఆమె అక్కడ ఆఫీసు చూసింది. టాన్ అనే ముసలాయన వ్యాపారం చాలించుకుంటుంటే ఆ గదినీ, బీరువాలనూ, తెల్ల వ్యానునూ కలిపి మధుసూదనరావు కొన్నాడు. టాన్ వెళ్ళిపోయాడు గానీ ఆయన ఉత్తరాలు వెళ్ళలేదు, క్లినిక్కు వాళ్ళవి, గుడి సంఘం వాళ్ళవి, బూట్ల కొట్టు వాళ్ళవి వారానికి ఒకటో రెండో వచ్చేవి. అవన్నీ చెత్తబుట్టలో పడేయమన్నాడు మధుసూదనరావు. అరుంధతి పడేయలేదు. చింపనూ లేదు. ప్రతి కవరు మీదా చిరునామాకు అడ్డంగా స్కేలు పెట్టి ఎర్ర సిరాతో గీత గీసి, ఈ చిరునామాలో లేరు, పంపినవారికి తిప్పి పంపవలెను, అని గుండ్రటి అక్షరాలతో ఇంగ్లీషులో రాసి టపాలో వేయించేది. ఏళ్ళ తరబడి ఒక్క కవరు విప్పలేదు, ఒక్కటి పారేయలేదు. అది ఆమె గర్వం. మనిషికి నగలుంటాయి, పిల్లలుంటారు, ఆమెకు ఇది ఉండేది.

ఎందుకంటే పదేళ్ళప్పుడు హాస్టల్లో పక్క మంచం పిల్లకు వచ్చిన ఉత్తరం విప్పింది. చెడు ఉద్దేశమేమీ లేదు, కవరు మీద నెమలి బొమ్మ తపాలా బిళ్ళ ఉంది, లోపల ఇంకోటి ఉంటుందేమోనని. సిస్టర్ ఫిలోమినా అరవలేదు, కొట్టలేదు, మేరీ మాత గుహ ముందు కంకర మీద గంటసేపు మోకాళ్ళ మీద నిలబెట్టి, తానూ పక్కనే కంకర మీద మోకాళ్ళూని, ఒకరి ఉత్తరం ఒకరి అంతరాత్మ, దాని తలుపు తెరిచే హక్కు దేవుడికే ఉంది, అని చెప్పింది. ఆ గంటలో కంకర మీద పాకిన చీమల బారు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ఆ తరవాత ఆమె ఎవరి ఉత్తరమూ విప్పలేదు. ఎవరు తప్పు చేసినా ఊరుకోలేదు కూడా. పైఅంతస్తు వాళ్ళ పూలకుండీ నీరు కారితే టౌన్ కౌన్సిలుకు రాసింది, రైల్లో గర్భిణికి సీటు ఇవ్వని యువకుణ్ణి రెండు స్టేషన్ల పొడవునా నిలదీసింది, కూలీలకు పాచిపోయిన అన్నం పెట్టిన కాంట్రాక్టరు మీద పత్రికకు మూడు ఉత్తరాలు రాస్తే మూడూ అచ్చయ్యాయి. న్యాయం అనే మాట ఆమె నోట్లో తమలపాకులా ఎప్పుడూ నలుగుతూనే ఉండేది, పెదవులు పండేవి కూడా.

అప్పయ్య టెక్కలి దగ్గరివాడు, మంచెలు కట్టడానికి వచ్చి, రాత్రుళ్ళు తోటివాళ్ళ చేత చదివించుకుని డ్రైవింగు పరీక్ష నెగ్గి వ్యాను తాళాలు సంపాదించుకున్నవాడు. ఇంగ్లీషు అక్షరాలు రావు, బోర్డుల ఆకారాలు గుర్తు, అంకెలు మాత్రం తనవి. పొద్దున్నే స్టీరింగుకు మూడుసార్లు దండం పెట్టి, తడిగుడ్డతో తుడిచి గానీ తాళం తిప్పేవాడు కాదు, సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నాడు గనక చుక్క ముట్టేవాడు కాదు, ఆదివారం తోటివాళ్ళు బీరు డబ్బాలు తెచ్చుకుంటే తాను గుడిమెట్ల మీద కూర్చుని సోడా తాగి వచ్చేవాడు. వాళ్ళు అతన్ని సాములోరు అని ఏడిపించేవాళ్ళు. పొద్దున ఆఫీసుకు వస్తూ వస్తూ కింద పోస్టు పెట్టెలోని టపా తెచ్చి అరుంధతి బల్ల మీద పెట్టడం అతని పని, తిప్పి పంపవలసినవాటిని వెళ్తూ వెళ్తూ రోడ్డవతలి టపా డబ్బాలో వేయడమూ అతని పనే. అక్కడ, ఆ అక్కడే, మనసు ఎప్పుడూ గుర్రంలా మొరాయించి పక్కకు తిరిగేది, పూలకుండీల వైపు, సిస్టర్ ఫిలోమినా వైపు, ఎటైనా సరే. ఈ వేళ తిరగనివ్వకూడదు. పదకొండు ఇరవై ఎనిమిది. కింద గుడ్డ మీద ఆ గిన్నె అలాగే ఉంది.

బండి గురించి వచ్చిన మూడింటిలో మొదటి కవరు మామూలుది, టాన్ పేరు, గీత గీసింది, పంపింది. రెండోదాని మీద ఎర్రటి అక్షరాలు, భద్రత, తక్షణం, అని, అయినా పేరు టాన్‌దే, అమ్మకాలవాళ్ళు ఈ రోజుల్లో ప్రతిదీ తక్షణమే అంటారు, గీత గీసింది, పంపింది. మూడోది వచ్చిన రోజు అప్పయ్య దాన్ని తక్కిన టపాతో కలిపి పెట్టలేదు, విడిగా పట్టుకుని నిలబడ్డాడు. కవరుకు చిరునామా కనబడే పల్చటి కాగితపు కిటికీ ఉంది, లోపలి ఉత్తరం కాస్త కిందికి జారి పేరు కింద ఇంకో వరస బయటపడింది.

"అమ్మా, దీని మీద మన బండి నెంబరున్నట్టుంది సూడండి," అన్నాడు.

చూసింది. ఉంది. ఆమె చూడలేదని ఎవరూ చెప్పకూడదు, ఆమె కూడా చెప్పకూడదు, కళ్ళజోడు సవరించుకుని మరీ చూసింది. నాలుగంకెలూ ఉన్నాయి. ఒక్క క్షణం వేలు కవరు అంచు మీదికి వెళ్ళింది. రెండు తిప్పి పంపి మూడోది విప్పితే, ముందటి రెండూ తిప్పి పంపడం తప్పని ఒప్పుకున్నట్టేగా, అన్నేళ్ళ గీతలన్నీ వంకరవేనని ఒప్పుకున్నట్టేగా. కంకర గుర్తొచ్చిందని తరవాత తనకు తాను చెప్పుకుంది. కంకర కాదు. గర్వం.

"పేరు మనది కాదు అప్పయ్యా. పరాయివాళ్ళ ఉత్తరం విప్పడం వాళ్ళ జేబులో చెయ్యి పెట్టడంతో సమానం. వెళ్తూ డబ్బాలో వేసెయ్యి."

"మీరు సెప్పినాక తిరుగేటుందమ్మా," అని అతను నవ్వి, ఎర్ర గీత ఇంకా ఆరని ఆ కవరును రెండు చేతులా ప్రసాదం పట్టుకున్నట్టు పట్టుకుని మెట్లు దిగాడు. కిటికీలోంచి చూస్తూనే ఉంది, రోడ్డు దాటి, డబ్బా నోట్లో వేసి, పడిందో లేదోనని మూత మీద రెండుసార్లు తట్టాడు.

పంతొమ్మిది రోజుల తరవాత, పొద్దున పది గంటలకు, అప్పయ్య వ్యాను వెనక్కి తీసి ముందుకు తిప్పుతుండగా మూడో స్తంభానికి తగిలింది. పెద్ద చప్పుడేమీ కాదు, ఖాళీ నూనె డబ్బా కింద పడ్డంత. స్తంభం మీద పసుపు రంగు గోరంత లేచింది. ఆమె మెట్లు దిగేసరికి స్టీరింగు తుడిచే గుడ్డను ఎవరో అతని మెడకు అదిమి పట్టుకుని ఉన్నారు, గుడ్డ ఏ రంగుదో చెప్పడానికి వీల్లేకుండా ఉంది. అప్పయ్య పోయాడని మధుసూదనరావు ఊరికి ఫోను చేసి, నిద్రమత్తులో గుద్దేశాడమ్మా, అన్నాడు, తెలియక అన్నాడో, తెలియకపోవడమే మంచిదని అన్నాడో, ఆయనా పోయాడు ఇప్పుడు. ఆ మాట సముద్రం దాటి టెక్కలి చేరేసరికి నిద్ర పోయి మత్తే మిగిలింది, తాగి గుద్దేశాడట అని ఊరంతా అన్నది. చుక్క ముట్టనివాడు. విచారణ అధికారి వచ్చి, బండి గురించి ఏ ఉత్తరమైనా వచ్చిందా మేడమ్, అని అడిగినప్పుడు ఆమె లేచి నిటారుగా నిలబడి, మా కంపెనీ పేరు మీద ఏ ఉత్తరమూ రాలేదు, అంది. ఒక్క అక్షరం అబద్ధం లేదు. సిస్టర్ ఫిలోమినా సైతం తప్పు పట్టలేని వాక్యం, చెక్కిన వాక్యం, చలువరాతి మీద చెక్కే రకం. నోటీసులు అందవలసినవారికి అందలేదు, అని నివేదికలో రాశారు. అందలేదు. ఎవరి చేతులకు అందలేదు? రెండు చేతులా పట్టుకున్నవాడికే అందలేదు.

అప్పయ్య భార్య రత్తమ్మ ఏడవడం అయిపోయాక, పదో రోజో పదకొండో రోజో, ఫోనులో అడిగింది. "అమ్మా, ఒక్క మాట. ఆ బండికి రోగముందని ముందే ఎవలికైనా తెలిసినాదా?" అరుంధతి ఆ చెక్కిన వాక్యమే ఆమెకూ ఇచ్చింది, తెలుగులోకి తిప్పి. రత్తమ్మ, అలాగామ్మా, అంది. అంతే. తాగలేదని ఊరికి చెప్పాలంటే బండి సంగతి చెప్పాలి, బండి సంగతి చెప్పాలంటే ఉత్తరాల సంగతి రావాలి, కనక అరుంధతి ఆ మచ్చను అలాగే ఉండనిచ్చింది, మరొకరి గుడ్డకు అంటిన మరకలాగా. పైగా ఏటా దసరాకు ఫోను చేసింది, స్టీరింగుకు దండం పెట్టినవాడి పేరు మీద, ఆయుధపూజ నాడు. రత్తమ్మ ఎంత పొంగిపోయేదో. మిమ్మల్ని తలుచుకోని రోజు లేదమ్మా, ఆడు మీ గురించే సెప్పీవోడు, అనేది. ఒంట్లో ఎలాగుంది, మందులేసుకుంటున్నారా, ఏటి తిన్నారు, అనేది. ఈ నగరంలో అలా అడిగేవాళ్ళు లేరు, శ్రీనాథ్ బిజీ, కోడలు బిజీ, నిఖిల చెవుల్లో గొట్టాలు. సంవత్సరానికి ఒక్కసారి, తాను చంపించిన మనిషి భార్య నోట, తిన్నారా అన్న మాట. దాని కోసమే చెప్పలేదేమో. అది కూడా నిజమేనేమో.

గాజు గోడ అవతల, కింద రోడ్డు మీద ఒక లారీ సిగ్నలు దగ్గర ఆగింది, వెనకాల ఇరవై మంది దాకా మనుషులు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు, తలల మీద పసుపు టోపీలు, ఒకడు అరటిపండు ఒలుచుకుంటున్నాడు. ఆ లారీ నెంబరు ఎవరైనా ఎక్కడైనా కొట్టి చూశారా. వచ్చిన కవరు ఏ బల్ల మీద ఉందో, ఏ నిక్కచ్చి మనిషి స్కేలు తీస్తోందో. లారీ కదిలిపోయింది. కింద నీలం చొక్కా మనిషి కొత్త గిన్నె బిగించి, పాతదాన్ని పెట్టెలో పెట్టి, మూతకు టేపు అంటించాడు. అంత సులువు. పన్నెండు కావడానికి ఇరవై నిమిషాలుంది, ఊళ్ళో తొమ్మిదీ పది, రత్తమ్మ బడి వంటశాలలో బియ్యం కడుగుతూ ఉంటుంది. చేతిసంచీలోంచి ఫోను తీసింది. రత్తమ్మ నెంబరు నొక్కింది.

రత్తమ్మ గొంతులో సంబరమే. "అమ్మా, దసరా ఇంకా రానేదు, ఇప్పుడు సేసినారేటి? ఒంట్లో బాగుందా? తిన్నారా?" అరుంధతి సోఫాలోంచి లేచింది. మోకాళ్ళు నొచ్చాయి. సంచీ కింద పెట్టి, చీర కొంగు సర్ది, గాజు గోడకు ఎదురుగా నిటారుగా నిలబడి, మూడో ప్రశ్నకు జవాబు చెప్పింది. మొదటి ఉత్తరం, రెండోది, మూడోది, కాగితపు కిటికీలోని నాలుగంకెలు, గంట పని, స్కేలు, ఎర్ర సిరా. ఉన్నది ఉన్నట్టు, తన వైపు ఒక్క మాట కూడా చేర్చకుండా. కంకర సంగతి చెప్పలేదు, అది సాకు అవుతుంది గనక. అటు కుళాయి కట్టేసిన చప్పుడు.

"నెంబరుందని ఆడే సెప్పినాడా?"

"చెప్పాడు."

"మీరినలేదు."

"విన్నాను రత్తమ్మా. చూశాను కూడా. వినీ, చూసీ పంపేశాను."

"డబ్బాలో ఏసింది ఆడేనా?"

"అతనే."

ఇంక పెట్టేస్తుందనుకుంది అరుంధతి. పెట్టలేదు. "నాకొక్కదానికి సెప్తే సాలదమ్మా. ఆడు తాగి సచ్చినాడని నన్నన్నోలు ఇక్కడే ఉన్నారు, ఇద్దరు వంటోలు, ఆయమ్మ, మేస్టారు. పెద్దగా ఇనబడేలాగ పెడతాన్ను. మొదట్నుంచీ సెప్పండి." చెప్పింది. మొదటినుంచీ చెప్పింది, ఎవరో తెలియని మనుషుల ఎదుట, తన పూర్తి పేరుతో మొదలుపెట్టి. మేష్టారు రెండుచోట్ల ఆపి, తేదీ అడిగాడు, మరి అప్పయ్య తాగి లేడంటారు, అని రూఢి చేసుకున్నాడు. తాగి లేడు. జీవితంలో తాగలేదు. అదంతా రాసి, సంతకం పెట్టి పంపుతారా అమ్మగారూ, బడి చిరునామాకు, రత్తమ్మ పేరు మీద, అన్నాడు. పంపుతాను, అంది. ఈ ఉత్తరం ఆమెది, ఈ పేరు సరైనది, దీన్నెవరూ తిప్పి పంపరు. అక్కడ ఒక ఆడగొంతు మెల్లగా, అయ్యో రత్తీ, అన్నది. పోయినవాడు ఎవరి మాటకూ లేచి రాడు, ఎనిమిదేళ్ళు పడ్డ మాటలు వెనక్కి పోవు.

ఫోను మళ్ళీ రత్తమ్మ చెవికి చేరింది. గొంతులో కోపం లేదు, అదే భరించలేకుండా ఉంది. "అడిగింది సెప్పినారు. అందరిముందూ సెప్పినారు. మీ బాకీ తీరిపోనాదమ్మా. ఇంక దసరాకి సెయ్యకండి." ఇంకేమైనా అంటుందేమోనని, పాత అలవాటు కొద్దీ ఒక్క మాట జారుతుందేమోనని అరుంధతి ఫోనును చెవికి అదిమిపెట్టి నిలబడింది. బియ్యం చాటలో పోసిన చప్పుడు వినిపించింది. ఆ తరవాత ఫోను పెట్టేసింది.

నిఖిల గొట్టాలు తీసేసి, మామ్మా, ఎందుకు నిలబడ్డావ్, కూర్చో లా, అయిపోయింది ఆల్రెడీ, అంది. కౌంటరు కుర్రవాడు కాగితం తెచ్చాడు, పని పూర్తయినట్టు, ఇక మిగిలింది ఏమీ లేనట్టు, కింద సంతకానికి గీత. నిఖిల సంతకం పెట్టింది. కిందికి దిగి అరుంధతి తన సీట్లో కూర్చుంది, ఎదురుగా డాష్‌బోర్డు నున్నగా, ఎన్నడూ విప్పనట్టు, అతుకు సైతం కనిపించకుండా ఉంది. పిల్ల బెల్టు పెట్టుకోమంది, పెట్టుకుంది. బండి గేటు దాటి ఎండలోకి వచ్చింది. ఏటా దసరాకు మోగించే నెంబరు ఫోనులో అలాగే ఉంది, ఈ ఏడు అది అవసరం లేదు, పై ఏడూ లేదు. రత్తమ్మకు ఆమె ఇవ్వవలసింది ఇక ఏమీ లేదు, రత్తమ్మ దగ్గర ఆమెకు రావలసిందీ ఏమీ లేదు.